లక్ష్మివారం లోపలికొచ్చిన గూబపిల్లలు

మా ఇంట్లో పొద్దున్నపూట గుడ్లగూబ పేరెత్తకూడదు. ఎత్తితే మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "ఏటే, లేవగానే అదేనా?" అంటారు. వాళ్ళది పంచాంగం చూసే వంశం. తాతగారు బరంపురంలో తెలుగువాళ్ళ ఇళ్ళకి పురోహితుడు. మనవడికి పౌరోహిత్యం రాలేదు, ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేసుకుంటున్నారు. అయినా తిథీ వారం వర్జ్యం చూడందే స్కూటరుకి పెట్రోలు కూడా పోయించరు. అలాంటి మనిషికి దేవుడు గుడ్లగూబల వెంట తిరిగే పెళ్ళాన్ని ఇచ్చాడు. కొత్త పెళ్ళికూతురు మొగుడి పేరు పలకనట్టు ఆయన దాని పేరు పలకరు. "ఆ పక్షి" అంటారంతే.

నేను కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్తాను. కొన్నేళ్ళ కిందట మా కాలేజీ తరఫున దిగపహండి వైపు పల్లెల్లో, వరిపొలాల పక్కన, తెల్ల గుడ్లగూబలకి గూళ్ళు పెట్టే పని మొదలుపెట్టాం. గూడంటే పెద్ద విశేషమేమీ కాదు. ఒక ప్లైవుడ్ పెట్టె, ముందు గుండ్రటి కంత, లోపల గుప్పెళ్ళకొద్దీ రంపపు పొట్టు. ముసలి చెట్లు కొట్టేస్తుంటే తొర్రలు తగ్గిపోయాయి, పాత మేడలు పడగొట్టేస్తుంటే చూరులూ పోయాయి. ఆ పక్షికి గుడ్లు పెట్టుకునే చోటు లేదు. చోటిస్తే మాత్రం పిల్లల్ని సాకే రోజుల్లో ఒక్కో జంట పట్టే ఎలుకలకి లెక్కుండదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, రైతులు పొలమంతా మందు చల్లి, ఆ మందుకి ఇంటి పిల్లినీ కుక్కనీ పోగొట్టుకుంటున్న కాలం అది.

ఆ పల్లెల్లో ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ కలిసి ఉంటారు. ఒడియా రైతు గుమ్మంలో నిలబడి పెట్టె పెడతామంటే, "లక్ష్మీ పేచా!" అని రెండు చేతులూ జోడించేవాడు. పేచా అంటే వాళ్ళ భాషలో గుడ్లగూబ, అమ్మవారి వాహనం కదా మరి. ఎదురింటి తెలుగు రైతు దగ్గరికెళ్తే, "మీకేటి అన్యాయం సేసినామమ్మా?" అని మొహం చిన్నబుచ్చుకునేవాడు. ఒకే వీధి, ఒకే పక్షి. ఎడమ చేతివైపు లక్ష్మి, కుడి చేతివైపు జ్యేష్ఠాదేవి. నేను మధ్యలో నిచ్చెన పట్టుకుని నిలబడేదాన్ని.

పెట్టినచోట కూడా గూబలు రాలేదు. ఒక పెట్టెలో గోరువంకలు కాపురం పెట్టాయి. ఒకదాంట్లో తేనెటీగలు చేరాయి. ఇంకో రైతు తన పెట్టెలో బీడీకట్టా కొడవలీ దాచుకుంటున్నాడని చాలా రోజులకి గానీ తెలియలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను ముందే పెట్టెలన్నిటికీ నంబర్లు వేయించి కూర్చున్నాను. నెలకోసారి మా ఆయన స్కూటరు వెనకాల కూర్చుని వెళ్ళడం, ఖాళీ పెట్టెల్లోకి తొంగి చూడటం, తిరిగి రావడం. ఆయన ఒక్కసారి కూడా రానని అనలేదు. దారి పొడుగునా సణుగుతూనే బండి నడిపేవారు.

అప్ప ఇంటికి మాత్రం వచ్చాయి.

అప్ప మాకు చుట్టం కాదు. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆవిడ వయసుకి ఆ పిలుపు అలా కుదిరిపోయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్న కాస్త పొలమూ తనే చేయించుకుంటుంది. పుట్టింది తెలుగు ఇంట్లో, పెరిగింది ఒడియా వీధిలో. ముగ్గు వేస్తే రెండూ కలుస్తాయి, తిడితే రెండూ కలుస్తాయి. గూడు పెట్టనిస్తావా అని మొదటిసారి అడిగితే ఆవిడ పెద్దగా ఆలోచించలేదు.

"మాయమ్మ దీన్ని గూబ అంది. ఈ ఊరోళ్ళు లచ్చిమి అన్నారు. నాకేటి? ఎలకల్ని తింతే లచ్చిమే."

అయితే ఎక్కడ కొట్టాలో మాత్రం తనే చెప్పింది. ఇంటి కొనకి అతికించి కట్టిన ధాన్యం కొట్టు ఉంది. వంటింట్లోంచే దానికి తలుపు. కొట్టు వెనక గోడలో, పైన, గాలి కోసం వదిలిన ఒక కంత ఉంది. ఆ గోడ అవతల కంచె, కంచె అవతల పొలాలు. "ఆ కంత మూసినట్టు కొట్టండి పంతులమ్మా. ఎలకలు ఆడనుండే దూరతన్నాయి," అంది. సరేనని బయటి వైపు నుంచి, సరిగ్గా కంత మీద పెట్టె బిగించాం. పెట్టె వెనక పలక కొట్టు లోపలికి, ముందు కంత పొలం వైపుకి. ఆ రోజు అది చిన్న సంగతి.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. "మీ పెట్టెలో ఏటో కుక్కరు పెట్టినట్టు సప్పుడొత్తంది, పంతులమ్మా." విజిల్ రాబోయే ముందు కుక్కరు బుసకొడుతుందే, అదే గూబపిల్లల అరుపు. నాకు ఆనందంతో కాళ్ళు నిలవలేదు. "వచ్చేశాయండీ!" అని కేక పెడితే, మా ఆయన అన్నం ముందు కూర్చుని, "ఎవరూ, మీ పుట్టింటివాళ్ళా?" అన్నారు.

అప్పటినుంచి వారం వారం వెళ్ళాం. మూడు పిల్లలు, మెట్లమెట్లుగా ఒకదానికంటే ఒకటి చిన్నవి. తెల్లటి దూది ముద్దల్లో కోసిన ఆపిల్ ముక్కలాంటి మొహాలు. పెట్టె కింద నల్లటి ఉండలు పడేవి, గూబలు అరగని బొచ్చూ ఎముకలూ కక్కేసిన ఉండలు. అవి విప్పితే ఎన్ని ఎలుకలు తిన్నాయో పుర్రెలు లెక్కపెట్టి చెప్పొచ్చు. ఏరుకొచ్చి మా డాబా మీద ఆరబెట్టేదాన్ని. ఒకసారి పక్కింటావిడ మా ఆయన్ని ఆపి, "మీ ఆవిడ కొత్తరకం వడియాలు పెట్టిందండీ, మాకూ రెండు రుచి చూపించమనండి," అందట. ఆ రాత్రి ఆయన మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు.

అసలు పని రింగు తొడగడం. చిలికా సరస్సు ఒడ్డున పక్షుల శిబిరంలో నేను ఆ విద్య నేర్చుకున్నాను, అటవీశాఖ అనుమతి కూడా ఉంది. నంబరు చెక్కిన సన్నటి అల్యూమినియం రింగు పిల్ల కాలికి తొడుగుతాం. రేపెప్పుడో ఎక్కడో ఆ పక్షి కనబడితే, నంబరు చూసి ఇది ఫలానా గూటి పిల్ల అని చెప్పొచ్చు. మరీ చిన్నపిల్లకి తొడిగితే రింగు జారిపోతుంది. ఆలస్యమైతే పిల్ల ఎగిరిపోతుంది. మధ్యలో ఉన్న కొద్ది రోజుల్లోనే పని కావాలి. ఈ సంగతి చెప్తే అప్ప ముందు అడిగింది:

"బంగారం కాదు గదా? లచ్చిమి కాలికి బంగారం ఎట్టకూడదు."

"కాదప్పా, అల్యూమినియం."

"అయితే కడియమన్నమాట. కడియం ఎడితే మరెక్కడికీ ఎల్లదు గదా?"

ఎక్కడికెళ్ళినా తెలియడానికే కదా తొడిగేది! ఆ మాటే చెప్పాను. "ఎక్కడికెళ్ళినా మనకి తెలుస్తుందప్పా," అన్నాను. ఆవిడ "మనకి తెలుస్తుంది" అన్న ముక్క ఒక్కటే విని తృప్తిగా తలూపింది. నేను రెట్టించలేదు.

ఇక ముహూర్తం. గూబకి రింగు తొడగడానికి ముహూర్తం పెట్టిన మనిషి దేశం మొత్తం మీద మా ఆయన ఒక్కరే అయ్యుంటారు. పెద్దపిల్లకి రెక్కలు వచ్చేస్తున్నాయి, నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ పడబోతోంది, త్వరగా తేల్చమన్నాను. ఆయన ఫోన్లో పంచాంగం తీసి, వేలితో అటూ ఇటూ తోసి, "లక్ష్మివారం. మార్గశిరం కూడాను. లక్ష్మి పక్షికి లక్ష్మివారం కంటే మంచిరోజు ఏముంటుందే? రాహుకాలం వెళ్ళాక, మూడు దాటాక మొదలెట్టు," అన్నారు. మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం. మార్గశిరంలో ఆ వారాలు అమ్మవారి పూజకి మరీ విశేషం. నాకూ బాగానే ఉందనిపించింది. అప్ప సంతోషిస్తుందనుకున్నాను.

వెళ్ళేసరికి అప్ప ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. వీధి గేటు నుంచి లోపల పూజ దగ్గరదాకా, అక్కడినుంచి కొట్టు తలుపుదాకా, బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేసింది. ఒక్కో పాదమూ లోపలికే నడుస్తోంది. పీట మీద కొత్త ధాన్యం నింపిన మాణం. మాణమంటే వెదురుతో అల్లిన కొలపాత్ర, ఒడియావాళ్ళు మార్గశిరంలో దాన్నే అమ్మవారిగా పెట్టి కొలుస్తారు. మేం స్కూటరు మీంచి మడత నిచ్చెన దించుకుని పొలం వైపు వెళ్ళబోతుంటే అప్ప వరండాలోంచి కేకేసింది.

"ఏటి పంతులమ్మా, ఈయాల ఒచ్చినారు?"

"మంచిరోజని ఈయన ముహూర్తం పెట్టారప్పా. పిల్లల్ని దించి, ఆ గట్టు మీద కూర్చుని రింగులు తొడిగేసి, మళ్ళీ పెట్టేస్తాం."

అప్ప మా ఇద్దరి వంకా గుడ్లప్పగించి చూసింది. "లచ్చింవారం పూట నా గోడ మీంచి లచ్చిమిని దించి గట్టు మీదికి అట్టుకెల్తారా? ఈయాల మా ఇంట్నుండి గడ్డిపరక కూడా బయటికి ఎల్లదు. నిప్పు అడిగితే నిప్పివ్వం, ఉప్పు అడిగితే ఉప్పివ్వం. పంచాంగం సూసే బావు, నీకైనా తెలవదేటి?"

మా ఆయన మొహం చూడాల్సింది. తిథి చూశారు, నక్షత్రం చూశారు, రాహుకాలం చూశారు. మార్గశిర లక్ష్మివారం ఇంట్లోది బయటికి పోకూడదన్న సంగతి, ఆయన తల్లి ఏటా పాటించిన సంగతి, దేవుడికే తెలియాలి ఎలా మరిచారో. అప్ప ఇల్లు దాటి బయటికి పోకూడదన్న వాటిలో గూబ కూడా ఉంటుందని ఆయన బుర్రకి తట్టలేదు. ఆయన దృష్టిలో గూబ వెళ్ళిపోవడం శుభమే.

నేను బతిమాలాను. మళ్ళీ రావడానికి కుదరదని, పెద్దపిల్ల ఎగిరిపోతుందని. అప్ప గుమ్మంలో నిలబడి తనే దారి చెప్పింది. "బయటికి ఎల్లకూడదు గానీ లోపలికి రావచ్చు గదా? గుంటల్ని ఇంట్లోకి తీసుకురా. అమ్మవారి ముందరే కడియాలెట్టు." మా వైపు పల్లెల్లో పిల్లల్ని గుంటలంటారు.

ఎంత బాగుందో అనుకున్నాం ముగ్గురం. నిచ్చెన వేసి పెట్టె మూత తీస్తే తల్లిగూబ చప్పుడు లేకుండా తాటిచెట్ల వైపు ఎగిరిపోయింది. పిల్లల్ని ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డసంచిలో వేసి, కంచె చుట్టూ తిరిగి, వీధి గేటులోంచి, ఆ పాదాల ముగ్గు తొక్కకుండా పక్కనుంచి, ఇంట్లోకి తెచ్చాం. అప్ప గుమ్మంలో పసుపునీళ్ళు చల్లి ఎదురొచ్చింది. మా ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ళు పైకి పెట్టేసుకున్నారు. గూబ ఇంట్లో దూరితే ఆరునెలలు ఇల్లు పాడుపెట్టాలని ఆయన చిన్నప్పటినుంచి విన్నారు. ఇక్కడ ఒకటి కాదు, మూడు, హారతితో సహా.

పెద్దదాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెడితే గుడ్లు మిటకరిస్తూ ఊరుకుంది. రింగు చుట్టి పటకారుతో నొక్కాను. అప్ప ఒక వేలితో ఆ రింగుని కాలి మీద అటూ ఇటూ తిప్పి చూసి, "బిగుతుగా లేదు, బాగుంది," అంది. రెండోదానికీ తొడిగాం. మూడోది మరీ చిన్నది, దానికి వదిలేశాం. "దానికి మల్లీ సేయిద్దాంలే, ఏడవకు," అని అప్ప దాన్ని ఓదార్చింది. అది ఏడవడం లేదు, నా వేలు కొరుకుతోంది.

అంతా అయ్యాక సంచులు పట్టుకుని లేచాను. అప్ప కూడా లేచింది. లేచి, గుమ్మం దగ్గరికెళ్ళి, అక్కడే కూర్చుండిపోయింది.

"ఎక్కడికి?"

"పెట్టెలో పెట్టేస్తానప్పా. చీకటి పడుతోంది, తల్లి మేత తెస్తుంది."

"లోపలికొచ్చిన లచ్చిమిని లచ్చింవారం పూట బయటికి ఎలగ పంపిత్తాను?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్లలు ఇంట్లో ఉన్నాయి, పెట్టె కంచె అవతల ఉంది. దీపాలవేళ అవుతోంది. తల్లిదండ్రులు ఎలుకని పట్టుకొచ్చి ఖాళీ పెట్టెని చూస్తే? ఒక రాత్రి మేత లేకపోతే చిన్నది తట్టుకుంటుందా? పైగా ఖాళీ పెట్టె చూసి పెద్దవి గూడు వదిలేస్తే ఇన్నేళ్ళకి దొరికిన ఒక్క కాపురం చెదిరిపోతుంది. నాకు కోపం కూడా వచ్చింది. "అప్పా, పిల్లలు చచ్చిపోతాయి," అన్నాను కాస్త గట్టిగా.

ఆవిడ కోప్పడలేదు. గడప మీద పిండిపాదం చెరిగిందేమోనని వేలితో సర్దుతూ చెప్పింది. "ఆ ఏడు మీ బావకి జబ్బు సేసింది. బరంపురం ఆస్పత్రికి తీసికెల్లాల. మార్గసిరం, లచ్చింవారం. మా అత్త ఒద్దొద్దంటే ఇనకండా కొట్టులో ధాన్యం బండికెత్తించినాను, అమ్మి మందులు కొందారని. అదే బండిలో ఆయన్నీ ఎక్కించినాను, ఈ గేటు దాటించినాను. ధాన్యమూ తిరిగి రాలేదు, ఆయనా తిరిగి రాలేదు. ఇన్నాల్లకి నా గోడ మీదికి లచ్చిమొచ్చింది. మల్లీ నా సేతుల్తో నానే దాటించమంటావా, పంతులమ్మా?"

అది జబ్బు వల్ల అప్పా, వారం వల్ల కాదు, అని చెప్పేంత చదువు నాకుంది. అయినా సంచులు ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చున్నాను. సంచుల్లోంచి బుసలు.

అప్పుడు మా ఆయన కుర్చీలోంచి కాళ్ళు దించారు.

"అప్పా, కొట్టు ఇంట్లోదా, బయటదా?"

"ఇంట్లోదే బావూ. లచ్చిమి గది గదా అది."

"అయితే పిల్లలు కొట్టులోకి వెళ్తే బయటికి వెళ్ళినట్టు కాదు కదా?"

"కాదు."

"ఆ పెట్టె గాలికంత మీదే కదా కొట్టించావు? వెనక పలక కొట్టులోకే ఉంది. అది విప్పి లోపలినుంచే పెట్టేస్తే?"

అప్ప నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషిని అంత ముద్దుగా ఎప్పుడూ చూసుకోలేదని ఒప్పుకోవాలి. నిచ్చెన లోపలికి తెచ్చాం. కొట్టు నిండా గోడవారగా ధాన్యం బస్తాలు. వాటి మీద కాలు పెట్టకూడదు కాబట్టి అప్పా నేనూ లాగి లాగి నిచ్చెన పట్టేంత చోటు చేశాం. ఆయన స్కూటరు డిక్కీలోని స్క్రూడ్రైవరు పట్టుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని ఎక్కారు. పలక ఊడగానే లోపలి కంపు మొహానికి కొట్టింది. దేవుణ్ణి తలిచిన నోటితోనే ఇంకేదో కూడా అన్నారు. తర్వాత చెయ్యి కిందికి చాపి, "ఏదీ, ఒకటి ఇలా ఇయ్యి. గూబపిల్లలు ఆకలి మీదున్నట్టున్నాయే," అన్నారు. ఆయన నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఎత్తిచూపితే మళ్ళీ మానేస్తారని, గబగబా పెద్దపిల్లని పైకి అందించాను.

మూడింటినీ లోపల పెట్టి, పలక బిగించి, దీపం కూడా లేకుండా కొట్టులో కూర్చున్నాం. కాసేపటికి గోడ అవతల ఏదో వాలిన చప్పుడు, ఆ వెంటనే మూడు గొంతుల బుస ఒక్కసారిగా లేచింది. "తల్లొచ్చింది," అని అప్ప చీకట్లో నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి తడిగా ఉంది, పిండి వల్లనో మరెందువల్లనో.

ఆ పూట ప్రసాదం కూడా గేటు దాటకూడదు కనక అక్కడే కూర్చోబెట్టి తినిపించింది. "ఈయాలకి మీరూ ఇంటోల్లే," అంది. బయల్దేరబోతుంటే మా ఆయన నిచ్చెన ఎత్తారు. అప్ప వద్దంది. లోపలికొచ్చింది కదా, రేపు తీసుకెళ్ళమంది. పటకారు కూడా అంతే, స్క్రూడ్రైవరు కూడా అంతే. మనుషులం మాత్రం వెళ్ళొచ్చునట. ఖాళీ చేతుల్తో బరంపురం తిరిగొస్తూ దారిలో మా ఆయన, "ఆ పక్షి ఒక్కటే అనుకున్నానే, నా నిచ్చెన కూడా లక్ష్మే అయిపోయింది," అన్నారు.

పిల్లలు ఎగిరిపోయాయి. ముందు పెద్దది, తర్వాత రెండోది, చివరికి రింగు లేని చిన్నది. తల్లీతండ్రీ ఉండిపోయాయి. అప్ప కడియాల సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్ళినప్పుడల్లా పొలం వైపు చూసి, "ఈ సుట్టుపక్కలే తిరుగుతుంటాయి," అనేది. కాదని చెప్పలేక నేను టీ గ్లాసులోకి చూసేదాన్ని. గూబపిల్లలు ఉన్నచోట ఉండవని నాకు తెలుసు. ఏదో ఒకనాడు ఆ నంబరు ఇంకెక్కడినుంచో వస్తుందని, వస్తే ఆవిడకి చెప్పాల్సింది నేనేనని కూడా తెలుసు. ఎదురుచూసేదీ దానికే, భయపడేదీ దానికే.

మళ్ళీ మార్గశిరంలో ఆ నంబరు వచ్చింది. సముద్రం ఒడ్డున పొడంపేటలో తాబేళ్ళ గుడ్లకి కాపలా కాసే కుర్రాడొకడు నాకు తెలుసు. వాళ్ళ వీధిలో చేపలమ్మే ఆవిడ ఆరేసిన వలలో తెల్ల గూబ చిక్కుకుందట. వల కోసి వదిలే ముందు కాలికి ఏదో ఉందని ఫొటో తీశాడట. పొద్దున్నే ఫోన్లో ఆ ఫొటో. చేప పొలుసులు అంటుకున్న వేళ్ళ మధ్య ఒక కాలు, దాని మీద నా రింగు. పెద్దపిల్లది. నేను వెంటనే ఆ కుర్రాడికి ఫోన్ చేస్తే పక్కనే ఉన్న చేపలావిడ అందుకుంది. "గూబకి కడియం ఎవులేసినారండీ? సముద్రం కోసేసిన పాతిల్లుంది గదా, అందల చేరింది. మా వలలు కొరికే ఎలకలన్నీ అదే తినేత్తంది. ఉండనిత్తాంలెండి," అంది.

బతికే ఉంది! సముద్రం దాకా ఎగిరి వెళ్ళి ఇల్లు చూసుకుంది. నేను వంటింట్లోనే గెంతాను. తర్వాత గుర్తొచ్చింది, అప్పకి చెప్పాలి. మా ఆయన పంచాంగం తీసి నాలుక కరుచుకున్నారు. లక్ష్మివారం. "రేపు వెళ్దామే," అన్నారు. నేను రేపటిదాకా ఆగే స్థితిలో లేను. "సరే, ఉత్త చేతుల్తో వెళ్దాం, ఉత్త చేతుల్తో వద్దాం. నిచ్చెన మాత్రం తేను," అని బండి తీశారు.

మళ్ళీ అవే పాదాలు, గేటు నుంచి లోపలికి. అప్ప ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని ఫొటో చాలాసేపు చూసింది.

"మా గుంటేనా?"

"అదేనప్పా. పొడంపేటలో ఉంది, సముద్రం ఒడ్డున. బాగుంది. పాడుబడ్డ ఇంట్లో కాపురం పెట్టింది. అక్కడి చేపలావిడ ఉండనిస్తానంది."

"ఏ వారం ఎల్లిందో తెలుసునా?"

"తెలీదప్పా."

ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికెళ్ళింది. కొట్టు తలుపు తీసిన చప్పుడైంది. ఎంతకీ రాలేదు. బాధపెట్టామని నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్లో పంచాంగం కూడా చూడకుండా నేల చూస్తున్నారు.

వచ్చేటప్పుడు అప్ప చంకలో చిన్న గోనెసంచి ఉంది, మూతికి పసుపుతాడు. ఇంకో చేతిలో ఆకులో చుట్టిన అరిసెలు.

"కొత్త కాపరం. ఉత్త సేతుల్తో ఎలగ ఉంటాది? ఆ సేపలమ్మకి ఇయ్యండి, మా పిల్లని సూసుకోమనండి. సారె."

అది ఆడో మగో నాకే తెలియదు. మా ఆయన మాత్రం కంగారుగా, "అప్పా, ఇవాళ లక్ష్మివారం. ధాన్యం గేటు దాటకూడదు కదా, రేపొచ్చి తీసుకెళ్తాం," అన్నారు.

"కొట్టులోకెల్తే బయటికెల్లినట్టు కాదని నువ్వే గదా సెప్పినావు, బావూ? గుంట ఇల్లు మాత్రం మనిల్లు కాదేటి?"

అని, లోపలికి నడుస్తున్న పాదాల పక్కనుంచి బయటికి నడిచి, గేటు తనే తీసి, గోనెసంచి స్కూటరు మీద తనే పెట్టింది.